విప్పే ముందు చూడండి: టిప్పర్లు, ఎక్స్‌కవేటర్ల సర్వీసు మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు వచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నాకిచ్చిన అంశం "ప్రివెంటివ్ మెయింటెనెన్స్", అంటే బండి చెడిపోకముందే చేసే సర్వీసు. దాని మీద చార్టులు మీ షెడ్లలో గోడలకు అంటించే ఉంటాయి. ఇంజిన్ నడిచిన 250 గంటలకు ఇంజిన్ ఆయిల్, 500కి డీజిల్ ఫిల్టర్లు, 1000కి ఇంకోటి, 2000కి ఫైనల్ డ్రైవ్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్. కంపెనీని బట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ మారతాయి, అంతే. ఆ చార్టు చదివి వినిపించడానికి నేను రానక్కర్లేదు. అన్నీ చార్టు ప్రకారమే మారుస్తున్నాం కదా, మరి బండ్లు ఎందుకు ఆగిపోతున్నాయి అని చాలామంది అడుగుతుంటారు. దాని గురించి మాట్లాడతాను. నాకు అర్థమైనంతలో మనవాళ్ళు యంత్రాన్ని చూసేది తక్కువ, విప్పేది ఎక్కువ. విప్పేటప్పుడు కూడా దుమ్ములో, గాలిలో, నిన్నటి గ్రీజు చేతులతోనే విప్పేస్తారు.

ఇదేదో నేను కొత్తగా కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళానికి కోస్టల్ కమాండ్ అని ఒక విభాగం ఉండేది. సముద్రం మీద తిరిగి జలాంతర్గాములను వేటాడటం వాళ్ళ పని. ఆ విమానాల మరమ్మతుల లెక్కలు చూడటానికి పెట్టిన శాస్త్రవేత్తల్లో వాడింగ్టన్ అని ఒకాయన ఉన్నాడు. నిజానికి ఆయన జీవశాస్త్రవేత్త, స్పానర్ పట్టినవాడు కాదు. ప్రతి 50 గంటల ప్రయాణానికి ఒకసారి విమానాన్ని దించి, విప్పి, తనిఖీ చేసేవాళ్ళు. అనుకోకుండా వచ్చే మరమ్మతులు ఎప్పుడు ఎక్కువ వస్తున్నాయని వాళ్ళు లెక్క వేశారు. తనిఖీకి ముందు పెరుగుతూ పోయి, తనిఖీ అయ్యాక తగ్గాలి, అంతే కదా? రివర్సులో ఉంది. తనిఖీ అయిన వెంటనే ఎక్కువగా వస్తున్నాయి, తర్వాత గంటలు గడిచే కొద్దీ తగ్గుతున్నాయి. అంటే బాగా నడుస్తున్నదాన్ని విప్పి బిగించడంలోనే కొత్త తప్పులు దూరుతున్నాయి. 1978లో అమెరికాలో నౌలన్, హీప్ అని ఇద్దరు పౌర విమానాల భాగాల మీద ఇలాంటి పనే చేసి రిపోర్టు ఇచ్చారు. వయసు పెరిగే కొద్దీ పాడయ్యే రకం భాగాలు వాళ్ళకు 11 శాతమే కనిపించాయి. కొత్తగా బిగించిన తొలి రోజుల్లోనే ఎక్కువగా చెడిపోయే రకం 68 శాతం. ఆ అంకెలు విమానాలవి, మన టిప్పర్లకు అలాగే అతికించకూడదు. మట్టిలో తిరిగే బకెట్ పళ్ళు, ట్రాక్ చైను, బ్రేక్ లైనింగులు కచ్చితంగా వాడకంతోనే అరుగుతాయి. కానీ పంపులు, ఇంజెక్టర్లు, వైరింగ్, సెన్సర్లు, వీటి జోలికి ఊరికే పోకూడదన్న సంగతి మాత్రం మనకూ వర్తిస్తుంది.

ఇప్పుడు ఎయిర్ ఫిల్టర్ దగ్గరికి వద్దాం. దీని మీద కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను, ఎందుకంటే మంచి ఉద్దేశంతో ఇంజిన్లను చంపే చోటు ఇదే. ఆపరేటర్ పొద్దున్నే వస్తాడు, బాధ్యత గలవాడు, ఫిల్టర్ మూత తీస్తాడు, లోపల వడకట్టే కాగితపు ఎలిమెంట్ బయటికి లాగి టైరుకేసి టపటపా కొడతాడు, కంప్రెసర్ గాలి పైపు పెట్టి ఊదుతాడు, మళ్ళీ పెట్టేస్తాడు. రోజూ. ఓనరు చూసి మురిసిపోతాడు కూడా. టైరుకేసి కొట్టినప్పుడు అంచు ఏ కాస్త వంగినా అది సీటు మీద సరిగా కూర్చోదు. గాలి ఎక్కువ ప్రెషర్‌తో కొడితే కాగితం మడతల్లో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. మూత తీసిన ప్రతిసారీ డబ్బాలో ఉన్న దుమ్ములో కొంత లోపలి వైపు రాలుతుంది. ఇంకో సంగతి, ఫిల్టర్ మీద కొంత దుమ్ము పట్టాక అది ఇంకా బాగా వడకడుతుంది, కొత్తదానికంటే. కాబట్టి మురికిగా కనిపించింది కదా అని తీయకూడదు. గాలికి అడ్డు ఎంత ఉందో చూపే రెస్ట్రిక్షన్ ఇండికేటర్ ఉంటుంది, ఎర్ర గీత వచ్చాక, లేదా డ్యాష్‌బోర్డులో లైటు వచ్చాక తీయాలి. ఇండికేటర్ పని చేయడం లేదంటారా, ముందు దాన్ని మార్చండి, అది చిన్న ముక్క.

తీసేటప్పుడు ఎలా తీయాలో చెబుతాను. ముందు మూత బయట, చుట్టుపక్కల తుడవండి. మూత తీశాక ఎలిమెంటును గబుక్కున లాగకుండా మెల్లగా కొంచెం పక్కకు వంచి సీలు వదిలించి తీయండి. లోపల ఇంకో చిన్న ఎలిమెంట్ ఉంటుంది, సేఫ్టీ ఎలిమెంట్. దాన్ని కదపకండి. అది లోపల ఉండగానే డబ్బా గోడలను తడి గుడ్డతో తుడవండి, గాలి కొట్టొద్దు. సీలు కూర్చునే అంచును వేలితో తడిమి చూడండి, గరుకుగా ఏమన్నా తగిలితే అక్కడ మట్టి గడ్డకట్టి ఉందన్నమాట. బయటి ఎలిమెంటును శుభ్రం చేసి వాడుకోవచ్చని కంపెనీ రాసి ఉంటేనే ఊదండి. అదీ లోపలి నుంచి బయటికి, గాలి ప్రెషర్ 2 బార్లు దాటకుండా. తర్వాత చీకట్లోకి తీసుకెళ్ళి లోపల టార్చి వేసి తిప్పి చూడండి, ఎక్కడన్నా వెలుగు చుక్క కనిపిస్తే అవతల పారేయండి. సేఫ్టీ ఎలిమెంటును మాత్రం ఎప్పుడూ శుభ్రం చేయకూడదు, మార్చడమే. డబ్బా అడుగున మూతి ముడుచుకున్న రబ్బరు వాల్వు వేలాడుతుంటుంది చూడండి, దుమ్ము కిందికి రాలేది దాని గుండానే. చాలా బండ్లకు అది ఊడిపోయి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అది లేకపోతే బయటి దుమ్మంతా అక్కడి నుంచే లోపలికి పీల్చుకుంటుంది, ఫిల్టర్లు తొందరగా మూసుకుపోతున్నాయని గోల పెడతారు. రోజూ చేయాల్సిన పని ఏదన్నా ఉందంటే ఆ రబ్బరును రెండు వేళ్ళతో నొక్కి వదలడం. అంతే.

ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? రెండు దారులు. ఫిల్టర్‌కీ, ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బోకీ మధ్య పైపు విప్పి లోపల తెల్ల గుడ్డతో తుడిస్తే దుమ్ము చార కనిపిస్తుంది. రెండోది ఆయిల్ శాంపిల్. మనిషికి రక్త పరీక్ష లాంటిదే ఇది. 1946లో అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ అనే రైల్వే వాళ్ళు డీజిల్ ఇంజిన్ల ఆయిల్లో లోహాలు ఎంత ఉన్నాయో కొలిచి, చెడిపోబోయే ఇంజిన్లను ముందే పట్టుకోవడం మొదలుపెట్టారు. అంటే ఇది కొత్త టెక్నాలజీ కానే కాదు, మనం వాడటమే ఆలస్యం. ఆయిల్లో ఇనుము పెరిగితే లైనర్లు, షాఫ్టులు, గేర్లు. క్రోమియం పెరిగితే పిస్టన్ రింగులు. అల్యూమినియం అంటే ఎక్కువగా పిస్టన్లు. సీసం, తగరం అంటే బేరింగులు. రాగి అంటే బుష్షులు గానీ ఆయిల్ కూలర్ గానీ. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ ఆయిల్లో కలుస్తోందని అనుమానించాలి. సిలికాన్ అంటే మట్టి. సిలికాన్‌తో పాటు ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసి పెరిగాయా, ఇక ఆలోచించొద్దు, గాలి దారిలో ఎక్కడో కన్నం ఉంది. సిలికాన్ ఒక్కటే పెరిగి మిగతావి మామూలుగా ఉంటే? ఈ మధ్య ఇంజిన్ విప్పి బిగించారేమో చూడండి. ప్యాకింగులకు పూసే సిలికాన్ పేస్టు కూడా రిపోర్టులో అలాగే కనిపిస్తుంది. చాలామంది ఇక్కడ టెన్షన్ పడిపోయి మళ్ళీ ఇంజిన్ దించుతారు.

శాంపిల్ తీయడంలో శ్రద్ధ లేకపోతే రిపోర్టు వల్ల లాభం లేదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు తీయాలి. డ్రెయిన్ ప్లగ్ తీసి పట్టేటట్టయితే మొదటి ధార పోనిచ్చి మధ్యలో పట్టాలి, అడుగున పేరుకున్న బురద పడితే అంకెలన్నీ తప్పుతాయి. చేతి పంపు, గొట్టం ఉంటే డిప్‌స్టిక్ దారిలో లాగడం ఇంకా మంచిది. సీసా మూత నేల మీద పెట్టొద్దు. సీసా మీద బండి నంబరు, మొత్తం గంటలు, ఆ ఆయిల్ పోసి ఎన్ని గంటలయింది, మధ్యలో ఎన్ని లీటర్లు టాప్ అప్ చేశారు, ఇవి రాయాలి. ఆయిల్ గంటలు రాయకపోతే ల్యాబ్ వాళ్ళు ఏం చెప్పగలరు? 100 గంటల ఆయిల్లో 40 పీపీఎం (పది లక్షల్లో 40 భాగాలు) ఇనుము వేరు, 500 గంటల ఆయిల్లో 40 వేరు. ఒక్క రిపోర్టుతో నిర్ణయానికి రావద్దు, అదే యంత్రానికి వరసగా మూడు నాలుగు వచ్చాక అంకెలు ఎటు పోతున్నాయో చూడండి. ల్యాబ్ దూరమా? అయితే తీసిన ఆయిల్ ఫిల్టర్‌ను పారేయకుండా కోసి చూడండి. హాక్సా బ్లేడుతో కోస్తే ఆ రజనే లోపల పడి మోసం చేస్తుంది, ఫిల్టర్ కట్టర్ అని దొరుకుతుంది, దాంతో కోయాలి. కాగితం మడతలు విప్పి, ఆయిల్ పిండి, వెలుతుర్లో పరిచి మాగ్నెట్ తిప్పండి. మెరిసే పొడి కొంచెం ఉండటం మామూలే. గోరుకు తగిలే పలుకులు కనిపిస్తే ఆ బండిని ఆ రోజు పనిలోకి పంపొద్దు.

హైడ్రాలిక్స్ సంగతి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. హైడ్రాలిక్ పంపుల్లో, వాల్వుల్లో భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే. అంటే ఆ పంపును అరగదీసేది మన కంటికి కనిపించని దుమ్ము. ఐఎస్‌వో 4406 అని ఒక కొలత ఉంది, ఒక మిల్లీలీటరు ఆయిల్లో 4, 6, 14 మైక్రాన్లు, అంతకంటే పెద్ద రేణువులు ఎన్నున్నాయో మూడు కోడ్ అంకెల్లో చెబుతుంది. 18/16/13 లాగా. అందులో ఒక్క అంకె పెరిగిందంటే రేణువులు దాదాపు రెట్టింపు అయినట్టు. ఇంకో మాట చెబితే నమ్మరు, సీలు తీయని కొత్త డ్రమ్ములోని ఆయిల్ కూడా ఆ పంపుకు కావాల్సినంత శుభ్రంగా ఉండాలని లేదు. అందుకే పెద్ద ప్రాజెక్టుల్లో ట్యాంకులోకి పోసే ముందు ఫిల్టర్ బండి పెట్టి వడకట్టి పోస్తారు. చిన్న షెడ్డులో ఆ బండి లేకపోవచ్చు, కానీ డ్రమ్మును ఆరుబయట నిలబెట్టకుండా ఉండొచ్చు కదా. నిలబెట్టిన డ్రమ్ము పైన వాన నీళ్ళు నిలుస్తాయి. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడినప్పుడు డ్రమ్ము గాలి పీలుస్తుంది, గాలితో పాటు బిరడా అంచుల దగ్గరి నీళ్ళు కూడా లోపలికి పోతాయి. పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో 3, 9 అంకెల దగ్గర ఉండేటట్టు పెట్టాలి. అప్పుడు రెండూ లోపలి ఆయిల్లో మునిగి ఉంటాయి. హోస్ పైపు విప్పిన మరుక్షణం రెండు కొసలకూ మూతలు పెట్టండి. గుడ్డ కుక్కొద్దు, గుడ్డ పోగులు పోయి వాల్వులో ఇరుక్కుంటాయి.

లీకు చూసే పద్ధతి గురించి ఒక్క నిమిషం సీరియస్‌గా వినండి. ఎక్స్‌కవేటర్‌లో ప్రెషర్ 300 బార్లు దాటుతుంది. హోస్‌కి సూది మొనంత చిల్లు పడి, సన్నగా ఆవిరిలాగా చిమ్ముతుంటే, ఎక్కడి నుంచా అని చేత్తో తడిమితే ఆ ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చిన్న చుక్క గాయమే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. అదే ప్రమాదం. పసుపో టించరో అద్ది పనిలోకి పోతారు. లోపల కండ కుళ్ళడం మొదలవుతుంది, గంటలు ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చేయే తీసేయాల్సి వస్తుంది. వెంటనే పెద్దాసుపత్రికి పోయి, ప్రెషర్‌తో ఆయిల్ లోపలికి పోయింది అని ఆ మాటే డాక్టరుకు చెప్పాలి, ఊరికే గీసుకుంది అనకూడదు. లీకు వెతకాలంటే అట్టముక్క వాడండి. పైపు విప్పాలంటే బకెట్, బూమ్ నేలకు దించి, ఇంజిన్ ఆపి, మాన్యువల్‌లో చెప్పినట్టు కీ ఆన్‌లో పెట్టి లివర్లు అన్ని వైపులా కదిపి, మిగిలిన ప్రెషర్ వదిలించి, అప్పుడు పానా పెట్టండి. అక్యుమ్యులేటర్ ఉన్న యంత్రమైతే ఇంజిన్ ఆగినా ప్రెషర్ నిలవ ఉంటుందని గుర్తుంచుకోండి. డీజిల్ వైపు కూడా ఇదే. కామన్ రైలు ఇంజిన్లలో, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ప్రెషర్ పైపు నుంచి డీజిల్ పోయే రకంలో, ప్రెషర్ 1600, 2000 బార్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. పాత ఇంజిన్లలో చేసినట్టు ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ కొట్టడం లేదో చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు, ప్రాణం మీదికి వస్తుంది. డీజిల్ ఫిల్టర్ మార్చేటప్పుడు క్యాన్‌లోంచి డీజిల్ నింపి బిగించే అలవాటు కూడా మానండి. ఇంజెక్టర్లకు ముందుండే రెండో ఫిల్టర్‌లోకి పోసిన డీజిల్ వడకట్టకుండానే నేరుగా ఇంజెక్టర్లకు పోవచ్చు. ఖాళీగా బిగించి ప్రైమింగ్ పంపు కొట్టండి, చేయి నొప్పి పుడుతుంది, పుట్టనివ్వండి.

ట్రాక్ ఉన్న యంత్రాల్లో, ముఖ్యంగా డోజర్లలో, నిర్వహణ ఖర్చులో దాదాపు సగం కింది భాగానికే పోతుందని అంటుంటారు. చైను, రోలర్లు, ఐడ్లర్, స్ప్రాకెట్. ఇక్కడ అందరూ చేసే పని చైను బిర్రుగా బిగించడం, చూడటానికి బాగుంటుందని. బిర్రుగా ఉంటే పిన్నూ బుష్షూ స్ప్రాకెట్టూ ఒకదాన్నొకటి నమిలేస్తాయి, డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. మరీ వదులైతే చైను ఊడుతుంది. మాన్యువల్‌లో ఎంత వేలాడాలో మిల్లీమీటర్లలో ఉంటుంది, కొలవండి. షెడ్డులో కడిగి కొలవొద్దు, పని చేసే మట్టిలోనే కొలవండి, ఎందుకంటే బంక మట్టి స్ప్రాకెట్ పళ్ళల్లో, రోలర్ల మధ్య ఇరుక్కుంటే చైను దానంతటదే బిగుసుకుంటుంది. వదులు చేయడానికి గ్రీజు వాల్వు తిప్పేటప్పుడు మొహం దానికి ఎదురుగా పెట్టకండి, ఒక్క చుట్టుకు మించి తిప్పకండి. లోపల గ్రీజు ఎంత ప్రెషర్‌తో ఉంటుందంటే వాల్వు ఊడొస్తే మనిషి మిగలడు. ఆపరేటర్లకు రెండు మాటలు చెప్పండి చాలు. అవసరం లేకుండా రివర్సులో స్పీడుగా పోవద్దు, ఎప్పుడూ ఒకే వైపు తిరగొద్దు. సాయంత్రం బండి ఆపే ముందు చైనులో మట్టి గీకేయమనండి.

గ్రీజు గురించి అందరికీ తెలుసు, నిప్పల్ తుడిచి కొట్టండి, పాత గ్రీజు బయటికి వచ్చే దాకా కొట్టండి. ఎక్స్‌కవేటర్ పైభాగం తిరిగే స్లూ బేరింగ్‌కి మాత్రం చెప్పిన మోతాదే. ఎక్కువ కొడితే సీలు తన్నుకుని వస్తుంది.

ఇక రోడ్డు మీద తిరిగే బండ్లు. టిప్పర్లు, ట్రాన్సిట్ మిక్సర్లు, వీటికి సర్వీసు కిలోమీటర్లతో లెక్కపెడితే మోసపోతాం. మిక్సర్ సైటులో నిలబడి డ్రమ్ము తిప్పుతూనే ఉంటుంది, టిప్పర్ క్వారీలో క్యూలో నిలబడి ఇంజిన్ ఆపకుండా ఉంటుంది, మీటర్ కదలదు, ఇంజిన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. గంటలు చూడండి. అంతకంటే మంచిది, ఎంత డీజిల్ తాగిందో చూసి దాన్ని బట్టి ఆయిల్ మార్చడం. కష్టపడ్డ ఇంజిన్ ఎక్కువ తాగుతుంది కాబట్టి ఆ లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది. ఊరికే ఐడిలింగ్‌లో పెట్టడం వల్ల కొత్త బండ్లలో ఇంకో తలనొప్పి ఉంది. సైలెన్సర్ వేడెక్కదు, పొగను వడకట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది. మసి అయితే రీజనరేషన్‌లో, అంటే ఆ ఫిల్టర్‌ను బాగా వేడెక్కించినప్పుడు, కాలిపోతుంది, మధ్యలో ఆపకపోతే. ఆయిల్లోని రసాయనాలు కాలి మిగిలే బూడిద మాత్రం ఎంత వేడి చేసినా పోదు, ఫిల్టర్ విప్పి శుభ్రం చేయించాల్సిందే. అందుకే ఇలాంటి ఇంజిన్లకు సీకే-4 లాంటి బూడిద తక్కువగా ఉండే ఆయిల్ అడుగుతారు. పొగలో విషవాయువులు తగ్గించడానికి విడి ట్యాంకులో పోసే ద్రావణంలో యూరియా 32.5 శాతం ఉండాలి, దానికి విడి క్యాను, విడి గరాటు పెట్టండి. ఎవరన్నా పొరపాటున యూరియాను డీజిల్ ట్యాంకులో పోస్తే కీ కూడా తిప్పొద్దు. తిప్పితే పంపు దాకా పోతుంది, అప్పుడు ట్యాంకు కడిగితే సరిపోదు.

చక్రం నట్టులు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ టార్క్ రెంచి పెట్టి చూడాలి. పెద్ద పానాకు పైపు తగిలించి ఎక్కి తొక్కడం టార్క్ కాదు, అలా తొక్కితే స్టడ్డు సాగిపోయి కొన్నాళ్ళకు తెగుతుంది. నట్టు చుట్టూ తుప్పు చార కారినట్టు కనిపిస్తే ఆ నట్టు వదులైంది, నడుస్తుండగా కదులుతోంది అని అర్థం. వెనక జంట టైర్లలో లోపలిదాన్ని కర్రతో కొట్టి గాలి ఉందనుకుంటారు. కర్ర దెబ్బకు 20 శాతం తక్కువుందా లేదా అన్నది తెలియదు, గేజీ పెట్టండి, టైరు చల్లగా ఉన్నప్పుడే. గాలి ఉండాల్సిన దానిలో 80 శాతానికి పడిపోయిన టైరును పంక్చర్ అయిన టైరు కిందే లెక్కేయాలి. గాలి తక్కువగా నడిచిన టైరు పక్క గోడల్లో తీగలు లోపల అలిసిపోయి ఉంటాయి, చూడకుండా మళ్ళీ గాలి కొడితే అక్కడికక్కడే చీలొచ్చు. ఇనుప పంజరంలో పెట్టి, పొడవు పైపుతో, పక్కకు నిలబడి గాలి కొట్టండి.

ఎయిర్ బ్రేకుల్లో రెండే చెబుతాను. ట్యాంకు డ్రెయిన్ చేసినప్పుడు ఏం వస్తోందో చూడండి. నీళ్ళు వస్తే గాలిలో తేమ తీసే డ్రయర్ పని అయిపోయింది, ఆయిల్ వస్తే కంప్రెసర్ ఆయిల్ ఎత్తుతోంది. రెండోది, బ్రేకు సందును దానంతటదే సరిచేసే ఆటో స్లాక్ అడ్జస్టర్ ఉన్న బండికి మాటిమాటికీ చేత్తో బ్రేకులు బిగిస్తున్నారంటే ఆ అడ్జస్టరో, బుష్షులో, క్యామ్ షాఫ్టో పోయింది. చేత్తో బిగించడం వల్ల రోగం దాగిపోతుంది, రోడ్డు దిగుడులో బయటపడుతుంది. పార్కింగ్ స్ప్రింగ్ ఉన్న బ్రేక్ చాంబర్ బిగింపు పట్టీని మాత్రం ఎవరూ విప్పొద్దు. లోపలి స్ప్రింగు బయటికి వస్తే తూటాయే.

ఇంతసేపు స్పానర్ల గురించి మాట్లాడాను గానీ, ఒక ఫ్లీట్ బాగుపడటానికీ పాడవటానికీ అసలు తేడా ఒక కాగితం దగ్గర ఉంటుంది. ఆపరేటర్ పొద్దున పది నిమిషాలు బండి చుట్టూ తిరిగి, కింద మరకలు చూసి, ఆయిల్, కూలెంట్ చూసి, లోపం కనిపిస్తే రాసిచ్చే స్లిప్పు. అన్ని కంపెనీల్లోనూ ఆ పుస్తకం ఉంటుంది. తిరగేసి చూడండి, ప్రతి పేజీలో "ఓకే, ఓకే, ఓకే". ఎందుకో తెలుసా? మొదటిసారి అతను "స్వింగ్ మోటార్ దగ్గర ఆయిల్ చెమ్మ" అని రాశాడు. ఎవరూ రాలేదు. రెండోసారి రాశాడు. "పని చేయడం ఇష్టం లేక రాస్తున్నావా" అని సూపర్‌వైజర్ అడిగాడు. మూడోసారి ఓకే అని రాశాడు. అతను రోజంతా ఆ సీటులో కూర్చుని ఉంటాడు, శబ్దం మారితే ముందు అతనికే తెలుస్తుంది, బండి వివరాలు ఆఫీసుకు పంపే ఏ టెలిమాటిక్స్ బాక్సు కంటే ముందు. మన దగ్గర ఆ సమాచారం ఆగిపోయేది మన జవాబు లేకపోవడం వల్లే. స్లిప్పు ఇచ్చిన రోజే జవాబు ఇవ్వండి. వెంటనే రిపేరు చేయనక్కర్లేదు, "చూశాం, చెమ్మే, చుక్క కారడం లేదు, 500 గంటల సర్వీసులో సీలు మారుస్తాం, చుక్క పడటం మొదలైతే ఆపి ఫోన్ చెయ్యి" అని సంతకం పెట్టి ఇవ్వండి. మళ్ళీ రాస్తాడు.

నా మాటలు ఇంతటితో ఆపుతాను, ఏమన్నా అడగాలంటే అడగండి.

ప్రశ్న: సార్, శాంపిల్స్ బాగా వస్తుంటే ఆయిల్ మార్చే గడువు పెంచుకోవచ్చా?

పెంచుకోవచ్చు, కానీ వారంటీలో ఉన్న బండికి వద్దు. లోహాలు ఒక్కటే చూసి పెంచకండి, టీబీఎన్ (ఆయిల్లో ఆమ్లాన్ని అణిచే శక్తి) ఎంత మిగిలింది, చిక్కదనం నిలబడిందా, డీజిల్ కలిసిందా, మసి ఎంత ఉంది, ఇవన్నీ చూడాలి. పెంచినా కొంచెం కొంచెంగా, ప్రతిసారీ శాంపిల్ తీస్తూ. మొత్తం ఫ్లీటుకు ఒకేసారి పెంచొద్దు, ఒకే రకం పని చేసే రెండు మూడు బండ్ల మీద చూడండి.

ప్రశ్న: బకెట్ పగిలితే సైటులోనే వెల్డింగ్ చేయిస్తున్నాం. తర్వాత ఏదో ఒక ఎర్రర్ కోడ్ వస్తోంది.

తమ్ముడూ, ఎర్త్ క్లాంపు ఎక్కడ పెడుతున్నారు? ఛాసిస్‌కా? అదే మరి. బకెట్ మీద వెల్డింగ్ చేస్తూ ఎర్త్ ఎక్కడో ఛాసిస్‌కి పెడితే కరెంటు పిన్నుల గుండా, బుష్షుల గుండా, స్లూ బేరింగ్ గుండా పోతుంది, ఆ దారిలో చిన్న చిన్న నిప్పురవ్వలు పడి బేరింగ్ ముఖాలు గుంటలు పడతాయి, కంట్రోలర్లు కూడా పోవచ్చు. పగిలిన ముక్క మీదే, వెల్డు చేసే చోటికి వీలైనంత దగ్గరగా, తుప్పు గీకి క్లాంపు పెట్టండి. బ్యాటరీ ఐసోలేటర్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెబితే కంట్రోలర్ ప్లగ్గులు కూడా పీకి మొదలుపెట్టండి. కోడ్ వస్తే అందులో చెప్పిన సెన్సర్ కొని మార్చే ముందు ఆ వైరు, కనెక్టర్ చూడండి. కోడ్ ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతుంది, ఏ ముక్క పోయిందో చెప్పదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ ఎక్స్‌కవేటర్ కొనడానికి వెళ్తే ముందు ఏం చూడాలండీ?

గంటల మీటర్‌ను నమ్మకండి, పెడల్ రబ్బర్లు, లివర్ పిడులు, సీటు అరుగుదల చూసి మీటర్‌తో సరిపోతుందో లేదో చూడండి. బకెట్ నిండా మట్టి ఎత్తి, బూమ్ చాపి, అలాగే గాల్లో నిలిపి కొద్ది నిమిషాలు ఆగండి, దానంతటది ఎంత కిందికి దిగుతుందో కొలవండి. కింద ఎవరూ ఉండకూడదు. బకెట్ నేలకు ఆనించి నొక్కి పైభాగం లేపి దించుతూ, స్లూ బేరింగ్ దగ్గర సందు ఎంత తెరుచుకుంటోందో ఒకరిని దూరం నుంచి చూడమనండి. చైను, స్ప్రాకెట్ పళ్ళు చూడండి, పళ్ళు కొసలు సన్నబడి ఉంటే ఆ ఖర్చు ధరలో తగ్గించి మాట్లాడండి. ఇంజిన్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్ శాంపిల్స్ అడగండి, ఆ రోజే కొత్త ఆయిల్ పోసి ఉంటే రిపోర్టుకు అర్థం లేదు. వీటన్నిటికంటే ముందు, చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు మీరు పక్కనే ఉండాలి, పొగ రంగు, స్టార్టర్ ఎంతసేపు తిరిగింది, మొదటి నిమిషం శబ్దం, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. మీరు వెళ్ళేసరికే బానెట్ మీద చేయి పెడితే వెచ్చగా తగిలిందనుకోండి, రేపు పొద్దున వస్తామని, అప్పటిదాకా ఎవరూ స్టార్ట్ చేయొద్దని చెప్పి వచ్చేయండి.